యునిక్స్ యంత్రాలు - మన పెన్షను లెక్కలు



ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం ఇమ్మని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను నిజాంసాగర్ కాలువల గురించో, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చిన రోజుల గురించో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. వాటి మీద మన బాన్సువాడ మిత్రులు ఇదివరకే చాలా వ్రాశారు. కాని మన జీతాల లెక్క, జీపీఎఫ్ లెక్క, బ్యాంకు ఖాతా లెక్క గత నలభై ఏళ్ళలో ఏ యంత్రాల మీదుగా నడిచి వచ్చిందో వ్రాసినవారు నాకు కనబడలేదు. ఆ యంత్రాలలో చాలా భాగం యునిక్స్ అనే పద్ధతి మీద నడిచినవి. వాటిలో ప్రాసెసర్లను ఎలా అదుపులో పెట్టేవారు, పాత సిస్టమ్ నుండి కొత్తదానికి ఎలా మార్చేవారు, ఆ మార్పులో లెక్క జారిపోకుండా ఏమి చేసేవారు అన్నది నా విషయం.

నేను కంప్యూటరు చదువు చదివినవాణ్ణి కాను. 1972లో ఎల్‌డీసీగా చేరి 2008లో పదవీ విరమణ చేశాను. నాకు తెలిసినదంతా కార్యాలయంలో టెర్మినల్ ముందు కూర్చున్న కొన్నేళ్ళలో నేర్చుకున్నది, హైదరాబాదులో సర్వర్ల మీద పని చేసిన మా మేనల్లుడు విసుక్కోకుండా చెప్పినది, ఆపైన తీరికగా చదువుకున్నది.

మొదట నాలుగు మాటలు తెలుసుకుంటే మిగతాది సులువు. ప్రాసెసర్ అంటే లెక్క చేసే చిప్పు. కచేరీలో గుమాస్తా వంటిది. సర్వర్ అంటే ఒకేసారి ఎందరికో పని చేసిపెట్టే పెద్ద యంత్రం. ఏ కాగితం ఏ గుమాస్తా ముందుకు పోవాలి, ఎవరికి ఎంతసేపు ఇవ్వాలి, ఏ బీరువా ఎవరు తెరవవచ్చు అని నిర్ణయించేది ఆపరేటింగ్ సిస్టమ్. అది హెడ్ క్లర్కు. యునిక్స్ అటువంటి హెడ్ క్లర్కు.

యునిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టింది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనే ఇద్దరు దాన్ని పీడీపీ-7 అనే చిన్న యంత్రం మీద మొదలుపెట్టారు. అంతవరకు ఏ కంపెనీ యంత్రానికి ఆ కంపెనీ సిస్టమే ఉండేది. యంత్రం పాతబడితే దానితోపాటు ప్రోగ్రాములన్నీ పోయేవి. 1973లో యునిక్స్‌లో అధిక భాగాన్ని రిచీ తయారు చేసిన సీ భాషలో తిరిగి వ్రాశారు. ఇది చిన్న విషయంలా కనబడుతుంది గాని, అసలు మలుపు ఇదే. సీ భాషలో ఉన్నదాన్ని వేరే ప్రాసెసర్‌కు తగినట్లు మార్చుకొనే వీలు కలిగింది. గుమాస్తాలు బదిలీ అయినా హెడ్ క్లర్కు, ఆఫీసు మాన్యువల్ అవే ఉన్నట్లు.

మన దేశం సంగతికి వస్తే, హైదరాబాదు ఈసీఐఎల్ 1967లో ఏర్పడింది. 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరు తెచ్చింది. 1978లో ఐబీఎం మన దేశం విడిచిపోయింది. వారు వదిలిపోయిన యంత్రాల మరమ్మతు బాధ్యత ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ మీద పడింది. యంత్రం అమ్మినవాడు వెళ్ళిపోతే దాన్ని నమ్ముకున్నవారి గతి ఏమిటన్న ప్రశ్న మన దేశానికి అప్పుడే ఎదురైంది. 1984 నవంబరులో కొత్త కంప్యూటర్ విధానం వచ్చింది. అదే ఏడాది బ్యాంకుల యాంత్రీకరణ మీద రంగరాజన్ కమిటీ నివేదిక ఇచ్చింది. ఉద్యోగాలు పోతాయని బ్యాంకు సంఘాలు ఎంత ఆందోళన చేశాయో మనలో చాలామందికి గుర్తే. సంఘాల భయం నిరాధారమని నేను ఇప్పటికీ అనను. ఏమైతేనేమి, 1980ల రెండో సగంలో బ్యాంకులు యునిక్స్ వైపు మొగ్గాయి. ఒక్క కంపెనీకే కట్టుబడి ఉండనక్కరలేదన్న సౌకర్యం అందులో ఉంది. హెచ్‌సీఎల్ వారి హొరైజన్, మ్యాగ్నమ్ వంటి దేశీయ యంత్రాలు మోటరోలా ప్రాసెసర్ల మీద యునిక్స్ నడిపేవి. ఇంటెల్ 386 ప్రాసెసర్ వచ్చాక, అంతకన్నా చౌకగా, బల్ల మీద పట్టే యంత్రం కూడా ఎనిమిది, పదహారు టెర్మినళ్ళను మోసింది. ప్రభుత్వంలో ఎన్‌ఐసీ జిల్లా కేంద్రాలకు కంప్యూటర్లను, ఉపగ్రహ సంబంధాన్ని తెచ్చిందీ ఆ రోజుల్లోనే.

నేను 1990లలో కొంతకాలం డిప్యుటేషన్ మీద ఒక జిల్లా స్థాయి కార్యాలయంలో పని చేశాను. పేరు అక్కరలేదు. అక్కడ 386 యునిక్స్ యంత్రం ఒకటి ఉండేది. దానికి ఏసీ గది, గది బయట విడిచిన చెప్పుల వరుస. మా సూపరింటెండెంటుగారు దేవుడి గదిలోకి పోయినట్లే పోయేవారు. ఎనిమిది టెర్మినళ్ళు, ఒక పెద్ద డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు, ఒక కాట్రిడ్జి టేపు డ్రైవు. నెలాఖరున జీతాల బిల్లులు ఆడిస్తే కీ నొక్కిన అక్షరం తెర మీద కనబడటానికే క్షణాలు పట్టేది. కనుక 486 యంత్రం మంజూరైంది.

సరఫరాదారు పంపిన కుర్రవాడు హైదరాబాదు బస్సులో పొద్దున దిగి, పాత యంత్రంలోని సమాచారమంతా టేపు మీదికి ఎక్కించి, మధ్యాహ్నానికి కొత్త యంత్రంలో ఫ్లాపీలు ఒకదాని తరువాత ఒకటి పెట్టి సిస్టమ్ నింపాడు. పాత యంత్రాన్ని బైబ్యాక్ కింద అదే వ్యానులో తీసుకొనిపోయారు. సాయంత్రం టేపు పెడితే, కొంత దూరం చదివి ఆగిపోయింది. మళ్ళీ పెట్టినా అక్కడే ఆగింది. తరువాత తెలిసిన కారణం ఏమంటే, పాత డ్రైవులోని హెడ్డు ఏళ్ళ తరబడి వాడకంతో కొంచెం పక్కకు జరిగింది. అది వ్రాసిన టేపును అదే చదువుకోగలదు గాని, సరిగ్గా ఉన్న కొత్త డ్రైవు చదవలేదు. తన దస్తూరి తనకే తెలిసే పట్వారీల వంటిదన్నమాట. పాత డ్రైవు ఎక్కడికి పోయిందో సరఫరాదారు చెప్పలేకపోయారు.

జీపీఎఫ్ చందాల పోస్టింగులు రెండు నెలలవి పోయాయి. జీతాల బిల్లులకు జతచేసిన షెడ్యూళ్ళ ఆఫీసు కాపీలు బీరువాలో ఉన్నాయి గనుక, నలుగురం పదిహేను రోజులు కూర్చొని తిరిగి ఎక్కించాము. కంప్యూటరు వచ్చింది గదా, ఇంకా ఈ కాగితాలెందుకని అంతకు ముందే ఒక అధికారి ఆ కాపీలను తీసివేయమన్నారు. మా రికార్డు అసిస్టెంటు వినయంగా తల ఊపి, తీయకుండా ఊరుకున్నాడు. అతనికి ఎవరూ ప్రశంసాపత్రం ఇవ్వలేదు. ఆ కాపీలే లేకుంటే, ఎవరి కూతురి పెళ్ళికో పెట్టుకున్న ఫండు అడ్వాన్సు దరఖాస్తు, ఖాతాలో సొమ్ము తక్కువ ఉందని తిరిగి వచ్చేది.

యునిక్స్ యంత్రాల మార్పులో అనుభవజ్ఞులు పాటించే క్రమం ఆ తరువాతనే నాకు అర్థమైంది. మొదట అందరినీ దింపివేసి సిస్టమ్‌ను సింగిల్ యూజర్ స్థితికి తేవాలి. అంటే కౌంటర్లు మూసి, లోపల ఒక్కరే ఉండటం. తరువాత సంపూర్ణ బ్యాకప్ తీయాలి. దాన్ని వేరే డ్రైవులో పెట్టి చదివి చూడాలి. ఫైలు వ్యవస్థలో తప్పులు లేవని సరిచూడాలి. అప్పుడు గాని కొత్త సిస్టమ్ జోలికి పోకూడదు. పోయాక కూడా పాత డిస్కును చెరపకూడదు. సన్ కంపెనీ తన సొలారిస్ యునిక్స్‌లో లైవ్ అప్‌గ్రేడ్ అని ఒక ఏర్పాటు తెచ్చింది. పాత సిస్టమ్ పని చేస్తుండగానే పక్క డిస్కు మీద దాని నకలు తీసి, ఆ నకలుకే కొత్త మార్పులు చేసి, ఒకరోజు దాని మీద లేపుతారు. ఏదైనా తేడా వస్తే పాత డిస్కు మీద మళ్ళీ లేపుకోవచ్చు. మన ఖజానాలో పీపీఓకు పెన్షనరు దగ్గర ఒక సగం, చెల్లించేవారి దగ్గర ఒక సగం ఉండేవి గదా; ఒకటి చిరిగినా రెండోది సాక్ష్యం. బుద్ధి అదే.

ఇక ఒకటికి మించిన ప్రాసెసర్ల సంగతి. 1990ల మొదట్లో చిన్న యునిక్స్ యంత్రాలలో రెండో ప్రాసెసర్ పెట్టుకొనే వీలు వచ్చింది. అది బిగించినంత మాత్రాన పని చేయదు. ఎస్‌సీఓ యునిక్స్‌లో దానికి వేరే లైసెన్సు కొనాలి. పోస్టు మంజూరు కాకుండా మనిషిని కూర్చోబెడితే జీతం రానట్లే. డేటాబేస్ అమ్మే ఒరాకిల్ వంటి కంపెనీలు కూడా తరువాత ప్రాసెసర్ల లెక్కన డబ్బు తీసుకున్నాయి. అందుచేత ఎన్ని ప్రాసెసర్లు పెట్టాలన్నది ఇంజనీరు ఒక్కడే తేల్చే విషయం కాక, బడ్జెటు చూసే గుమాస్తా విషయం కూడా అయింది.

పెద్ద యంత్రాలు వేరే లోకం. సన్ వారి 1997 నాటి ఎంటర్‌ప్రైజ్ 10000లో 64 ప్రాసెసర్ల వరకు పట్టేవి. సొలారిస్‌లో పీఎస్ఆర్ఇన్ఫో అని ఆజ్ఞ ఇస్తే హాజరు పట్టీ లాగా ఏ ప్రాసెసర్ ఎప్పటి నుండి పనిలో ఉందో వరుసగా చూపిస్తుంది. పీఎస్ఆర్ఏడీఎం అనే ఆజ్ఞతో ఒకదాన్ని పని నుండి తప్పించవచ్చు, తిరిగి చేర్చవచ్చు. దీని గురించి మా మేనల్లుణ్ణి అడిగితే, "మామా, ప్రాసెసర్‌ను ఆఫ్‌లైన్ చేసుడంటే ఊడబీకుడు కాదు. సెలవు మీద పంపుడు. దాని చేతిల ఉన్న పని పక్కదానికి పోతది" అన్నాడు. అన్నిటినీ సెలవు మీద పంపటానికి సిస్టమ్ ఒప్పుకోదు. ఒకటైనా పనిలో ఉండాలి. ఫలానా పని ఫలానా ప్రాసెసరే చేయాలని ముందే కట్టివేసి ఉంటే, ఆ ముడి విప్పేవరకు దాన్ని కూడా మామూలుగా పంపనివ్వదు. ఒకే గుమాస్తాకు తెలిసిన సెక్షను ఫైళ్ళున్నప్పుడు అతనికి సెలవు దొరకనట్లు!

ప్రాసెసర్లు ఎన్ని పెంచితే అంత వేగం వస్తుందనుకోవటం పొరపాటు. జీన్ ఆమ్‌డాల్ అనే శాస్త్రజ్ఞుడు 1967లోనే ఇది చెప్పాడు. పనిలో పదో వంతు ఒకరి తరువాత ఒకరు చేయవలసినదే అయితే, వెయ్యి ప్రాసెసర్లు పెట్టినా వేగం పదిరెట్లు దాటదు. ఒకటో తారీఖున సబ్ ట్రెజరీలో నిలబడినవారికి ఇది చెప్పనక్కరలేదు. బిల్లులు పరిశీలించేవారు నలుగురైనా, ఎనమండుగురైనా సంతకం చేసే ఎస్‌టీఓగారు ఒక్కరే.

ప్రాసెసర్ తప్పు చేసే సందర్భాలూ ఉన్నాయి. 2000 ప్రాంతంలో సన్ అల్ట్రాస్పార్క్-2 ప్రాసెసర్లున్న సర్వర్లు కొన్ని ఉన్నట్లుండి ఆగిపోయేవి. ప్రాసెసర్ పక్కనే ఉండే కాష్ అనే చిన్న జ్ఞాపకంలో ఎప్పుడైనా ఒక్క బిట్టు తారుమారయ్యేది. తప్పు జరిగిందని పట్టుకొనే ఏర్పాటు దానికుంది గాని, దిద్దే ఏర్పాటు లేదు. అందుచేత తప్పుడు లెక్కతో ముందుకు పోవటం కన్నా యంత్రాన్ని ఆపివేసేది. తరువాత కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో సవరణలు ఇచ్చింది, ప్రతిదాన్ని రెండు చోట్ల వ్రాసుకొనే కొత్త కాష్ గల ప్రాసెసర్లనూ తెచ్చింది. ఖాతాదారులు ఎంత తిట్టుకున్నా, నా దృష్టిలో ఆగిపోవటమే మేలు. కూడిక తప్పిన బిల్లును పాస్ చేయటం కన్నా తిప్పి పంపటం నయం గదా.

ఇప్పుడు మన ఖాతాల దగ్గరికి వద్దాము. మన తాలూకా పెన్షనర్లలో చాలామందికి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదుతో ఎంత అనుబంధమో వేరే చెప్పాలా? 1941లో నిజాం ప్రభుత్వం స్థాపించిన ఆ బ్యాంకు 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. పాస్‌బుక్కు మీద ఎస్‌బీహెచ్‌వై అని మొదలయ్యే కోడ్ పోయి ఎస్‌బీఐఎన్ అని వచ్చింది. మనకు కనబడినది అంతే. లోపల జరిగినది ఒక బ్యాంకు ఖాతాలన్నిటినీ మరో బ్యాంకు లెక్కల్లోకి మార్చటం.

భారతీయ స్టేట్ బ్యాంకు కోర్ బ్యాంకింగ్ పని 2003లో మొదలైంది. టీసీఎస్ వారి బ్యాంక్స్ సాఫ్ట్‌వేర్, దాని అడుగున హెచ్‌పీ సూపర్‌డోమ్ సర్వర్లు, వాటిలో హెచ్‌పీ-యూఎక్స్ అనే యునిక్స్. సూపర్‌డోమ్ 2000లో వచ్చింది. ఒక్కో బోర్డు మీద నాలుగు ప్రాసెసర్ల చొప్పున 16 బోర్డులు, మొత్తం 64. మొదట వాటిలో ఉన్నవి హెచ్‌పీ సొంత పీఏ-రిస్క్ ప్రాసెసర్లు. కంపెనీ తరువాత ఇంటెల్‌తో కలిసి తెచ్చిన ఇటానియంకు మారింది. పీఏ-రిస్క్ సర్వర్ల అమ్మకం 2008 ఆఖరుతో ఆపివేసింది. ఆ మార్పు కొంత సులువుగానే ఉండేది. పాత ప్రాసెసర్ కోసం చేసిన ప్రోగ్రాములను కొత్తదాని మీద అనువదించి నడిపే ఏర్పాటు హెచ్‌పీ-యూఎక్స్‌లో ఉంది, అంకెలు వ్రాసుకొనే వరుస కూడా మారలేదు.

ఈ వరుస అన్న మాట కొంచెం విప్పి చెప్పాలి. నిజాం కాలపు మిసిళ్ళలో అక్షరాలు కుడి నుండి ఎడమకు నడిచేవి. తెలుగు ఎడమ నుండి కుడికి నడుస్తుంది. ప్రాసెసర్లలోనూ ఇటువంటి తేడా ఉంది. ఒక సంఖ్యను నాలుగు గళ్ళలో వ్రాయవలసి వస్తే కొన్ని ప్రాసెసర్లు పెద్ద భాగాన్ని ముందు వ్రాస్తాయి, కొన్ని చిన్న భాగాన్ని ముందు వ్రాస్తాయి. హెచ్‌పీ-యూఎక్స్, సొలారిస్ స్పార్క్ యంత్రాలు మొదటి రకం. మామూలు ఇంటెల్ ప్రాసెసర్లు రెండో రకం. మొదటి రకం వ్రాసిన ఒక్క రూపాయిని రెండో రకం ఉన్నదున్నట్లు చదివితే అది 1,67,77,216 రూపాయలవుతుంది! అందుకే పాత యునిక్స్ నుండి నేటి లైనక్స్ సర్వర్లకు మారేటప్పుడు ఫైళ్ళను ఊరికే నకలు తీస్తే సరిపోదు. ప్రతి పద్దును మొదట అక్షరాలలో దింపి, లేదా మార్పిడి సాధనంతో తిరగవ్రాసి, కొత్తచోట ఎక్కించి, రెండు చోట్లా మొత్తాలు కూడి, తేడా సున్నా అని చూడాలి. బిట్టు తేడా, పైసా తేడా కూడా పనికిరాదు.

ఈ మార్పు ఇప్పుడు తప్పనిసరి అయింది. ఇటానియం ప్రాసెసర్ల ఆఖరి సరఫరా 2021 జూలైతో ముగిసింది. హెచ్‌పీ-యూఎక్స్‌కు సాధారణ మద్దతు గడువు 2025 డిసెంబర్ 31 అని కంపెనీ ముందే ప్రకటించింది. ఈ యంత్రాలను 1990లలో నేర్చుకున్న కుర్రవాళ్ళు ఇప్పుడు యాభై దాటినవారు, మన దారిన రాబోయేవారు. 1978లో ఐబీఎం వెళ్ళినప్పటి ప్రశ్నే ఇంకో రూపంలో వచ్చింది. తేడా ఏమంటే, ఈసారి పోతున్నది మనుషుల చేతిలోని పనితనం.

ఇంకొకటి ఉంది. ఇది మన పెన్షను ఉత్తర్వులకే తగిలేది గనుక శ్రద్ధగా చదవండి. యునిక్స్ కాలాన్ని తేదీలుగా లెక్కపెట్టదు, సెకండ్లుగా లెక్కపెడుతుంది. గ్రీన్విచ్ కాలం ప్రకారం 1970 జనవరి 1 అర్ధరాత్రి దానికి సున్నా. మనకు అది తెల్లవారు 5:30. 2001 సెప్టెంబర్ 9 ఉదయం 7 గంటల 16 నిమిషాల 40 సెకండ్లకు ఆ లెక్క వంద కోట్లు చేరింది. పాత యునిక్స్‌లో ఈ లెక్కకు 32 బిట్ల గడి ఇచ్చారు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647. అది నిండేది 2038 జనవరి 19, మన కాలం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకండ్లకు. మరుసటి సెకండులో లెక్క తిరగబడి ఆ యంత్రం 1901 డిసెంబరు అని చూపిస్తుంది. అంటే దాని లెక్కన హైదరాబాదులో ఇంకా మహబూబ్ అలీ పాషా పాలన!

1999 ఆఖరున వైటూకే అని ఎంత హడావుడి జరిగిందో చూశాము. ఏమీ కాలేదు గదా, అంతా వట్టి భయమేనని చాలామంది అన్నారు. అది నేను ఒప్పుకోను. లక్షలాది ప్రోగ్రాములను ముందుగా దిద్దారు గనుకనే ఏమీ కాలేదు. 2038కి కూడా మందు ఉంది. 64 బిట్ల సిస్టమ్‌లలో ఆ గడి 29,200 కోట్ల సంవత్సరాలకు సరిపోతుంది. సొలారిస్, హెచ్‌పీ-యూఎక్స్ రెండూ 1990ల చివరలోనే 64 బిట్లకు వచ్చాయి. కాని సిస్టమ్ మారినంత మాత్రాన పాత ప్రోగ్రాము మారదు, పాత ఫైలులో నాలుగు గళ్ళు కేటాయించిన తేదీ ఎనిమిది గళ్ళు కాదు. పాత ప్రోగ్రామును కొత్త యంత్రం మీద ఉన్నదున్నట్లు నడిపించే సౌకర్యం ఉండటం వల్లనే కొన్ని తప్పులు కూడా భద్రంగా ప్రయాణం చేస్తాయి.

2038 ఇంకా చాలా దూరం ఉందని అనుకోవద్దు. కమ్యూటేషన్ చేసుకున్న పెన్షను భాగం 15 ఏళ్ళకు గాని తిరిగి రాదు. 2023 జనవరి 19 తరువాత కమ్యూటేషన్ సొమ్ము తీసుకున్న ప్రతివారి పునరుద్ధరణ తేదీ ఈ గడువుకు అవతలే పడుతుంది. ఆ తేదీని ఈనాడే లెక్కకట్టి దాచవలసిన ప్రోగ్రాము ఏదైనా 32 బిట్ల గడిలో దాచితే, తప్పు 2038లో కాదు, ఉత్తర్వు తయారైన రోజునే జరిగిపోతుంది. బయటపడటం మాత్రం 15 ఏళ్ళ తరువాత. 70 ఏళ్ళు నిండితే వచ్చే అదనపు పెన్షనుకూ ఇదే వర్తిస్తుంది. ఈ మధ్య రిటైరై మన సంఘంలో చేరుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు తమ పీపీఓ ఉత్తర్వులో కమ్యూటేషన్ పునరుద్ధరణ తేదీ ఏమి పడిందో ఒకసారి కళ్ళద్దాలు పెట్టుకొని చూసుకోవాలి. ఉత్తర్వు నకలు ఒకటి ఇంట్లో, ఒకటి పిల్లల దగ్గర ఉంచాలి. తేదీ తేడాగా కనబడితే లిఖితపూర్వకంగా వ్రాసి, అందినట్లు ముద్ర వేయించుకోండి. వ్రాయటం చేతకానివారు మొదటి ఆదివారం సంఘం సమావేశానికి కాగితాలు తెచ్చుకుంటే, అర్జీ నేను వ్రాసిపెడతాను.